పసుపుకి ఊదా

ఆ వేసవిలో మా ఇంట్లో అందరికంటే ముందు తయారయ్యేది అమ్మ.

అందరూ అంటే ఎంతో మంది కాదు, అమ్మా నేనూ. చెల్లి రెండు వీధుల అవతల వేరే ఉంటుంది. దానిది మేకప్ పని. పెళ్ళికూతుళ్ళకీ, ఫోటోలు దిగేవాళ్ళకీ ముఖాలు దిద్దుతుంది. పని లేని రోజుల్లో ఫోన్‌లో వీడియోలు తీసి పెడుతుంది. ‘అయిదు నిమిషాల్లో ముఖం’ అని వాటికి పేరు. నేను బడిలో పదో తరగతికి భాష చెప్తాను, పేపర్లు దిద్దుతాను. ఇద్దరు కూతుళ్ళూ దిద్దే పనిలోనే పడ్డారని అమ్మ నవ్వేది. ఒకత్తి తప్పు కనపడేట్టు దిద్దుతుంది, ఇంకొకత్తి కనపడకుండా దిద్దుతుంది అనేది.

అమ్మ నలభై ఏళ్ళు ఇంట్లోనే బట్టలు కుట్టింది. ముఖానికి పౌడరు కూడా రాసుకోగా నేను చూడలేదు. అందుకే పరీక్షలు మొదలైన వారంలో ఒకరోజు స్నానం చేసి తలకి తువ్వాలు చుట్టుకుని బయటికి వచ్చి, కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చున్న మనిషిని చూసి ఆగిపోయాను. చెంపల మీద మెల్లని ఎరుపు. పెదాలకి రంగు ఉందో లేదో తెలియనంత రంగు.

“ఏంటిది?” అన్నాను.

“ముఖం,” అంది అమ్మ.

“ఎవరిదీ?”

“నాదేనే. అరవై ఏడేళ్ళకి దొరికింది.”

చెల్లి బ్రష్షులు తుడుచుకుంటూ, “అమ్మ నా మోడలక్కా. అందరూ పాతికేళ్ళవాళ్ళకే చెప్తారు. పెద్దవాళ్ళు రోజూ ఏం వేసుకోవాలో ఎవరూ చూపించట్లేదు,” అంది.

“ఆరింటికేనా చూపించడం?”

“పొద్దుటి వెలుతురులో రంగు అబద్ధం చెప్పదు. బల్బు కింద వేసుకున్న మేకప్ బల్బు కిందే బాగుంటుంది.”

“అయినా అమ్మ కదలకుండా ఎలా కూర్చుంది?”

“మిషన్ ముందు నలభై ఏళ్ళు కూర్చున్న ఒళ్ళిది,” అంది అమ్మ. “లేవమంటేనే కష్టం.”

నేను నవ్వి, ఆ వీడియోలు నాకు చూపించొద్దని చెప్పాను. అద్దం ముందు కూర్చునే తీరికే లేనిదాన్ని, ఇంకొకరు కూర్చుంటే చూసే తీరిక ఎక్కడిదన్నాను. “చూడకపోతేనే మంచిదిలే,” అంది చెల్లి. నేను దాన్ని దెప్పిపొడుపు అనుకున్నాను.

ఆ రోజునుంచి ప్రతి ఉదయం ఆరింటికి చెల్లి వచ్చేది. నేను స్నానం చేసి, డబ్బా కట్టుకుని, ఏడింటికి బయటపడేదాన్ని. నా కంటికి అమ్మ కనిపించేసరికి ముఖం సిద్ధంగా ఉండేది. సాయంత్రం నేను వచ్చేవరకూ అలాగే ఉండేది. పడుకునే ముందు లైటు తీసేశాక కడుక్కునేది.

ఇంకా కొన్ని మారాయి. ఎండకి కళ్ళు మండుతున్నాయని అమ్మ తన కళ్ళజోడుకి రంగు అద్దాలు పెట్టించుకుంది. తెల్ల ట్యూబులైటు గుచ్చుతోందని నడిమి గదిలో చిన్న పసుపు బల్బు వేయించుకుంది. చెమటకాయలని చేతులు గోక్కునేది. ముఖంతో పాటు మెడకీ చేతులకీ కూడా చెల్లి ఏదో రాసేది. రాత్రిపూట తినడం తగ్గించింది, వయసు మీద పడ్డాక ఒళ్ళు తేలిగ్గా ఉండాలట. సెలవు రోజుల్లో మధ్యాహ్నం మిషన్ చప్పుడు వినిపించేది.

“ఏం కుడుతున్నావమ్మా?”

“నా పాతబట్టలే. కుట్లు వదులయ్యాయి.”

ఏ పిల్ల నోటుపుస్తకంలోనైనా ఇన్ని మార్పులు ఒక్కసారి కనిపిస్తే పిలిచి అడిగేదాన్ని. ఇంట్లో అడగలేదు. నిజం చెప్పాలంటే నాకు బాగుంది. అమ్మ నవ్వుతోంది, చెల్లి రోజూ వస్తోంది, నేను వెళ్ళాక కూడా ఇంట్లో మాటలు వినిపిస్తున్నాయని కిందింటివాళ్ళు చెప్పారు. ఆ సందడిలో నా పాలు లేదని అప్పుడు తోచలేదు.

పరీక్షలు సగం అయ్యేసరికి నాకు కాగితం వచ్చింది. సగం రోజు బస్సు ప్రయాణమంత దూరంలో ఉన్న ఊళ్ళో నన్ను హెడ్మిస్ట్రెస్‌గా వేశారు. బళ్ళు తెరిచే రోజుకి చేరాలి. పది రోజుల్లో అంగీకారపత్రం నింపి, కొత్త ఫోటో అంటించి పంపాలి.

“పంపించు,” అంది అమ్మ, కాగితం చదవకుండానే.

“నువ్వు?”

“నేనేమైనా పాలు తాగే పిల్లనా? చిన్నది రెండు వీధుల అవతలే ఉంది. ఆదివారాలు నువ్వొస్తావు. ఇంకేం కావాలి?”

నాలుగు రోజులు ఆ కాగితాన్ని సంచిలో పెట్టుకుని తిరిగాను. అయిదో రోజు పొద్దున చెల్లి నన్ను స్టూలు మీద కూర్చోబెట్టింది.

“ఫోటోకి ఈ ముఖంతో వెళ్తావా? అక్కడి పిల్లలు పారిపోతారు.”

“వాళ్ళు భయపడటమే మంచిది.”

“కదలకు.” అది తన గుడ్డసంచి తెరిచింది. వీడియోల్లో రోజూ చూపించేవి అయిదే వస్తువులని, పెద్దపెట్టె అంతా పెళ్ళిళ్ళకేనని చెప్పింది. ముందు తడి ఉంచే క్రీము రాసి, రెండు నిమిషాలు ఊరుకోమంది. “అందరూ ఇక్కడే తొందరపడతారు. చర్మం తాగాలి. తాగకముందే పైన ఇంకోటి వేస్తే చెక్కుకట్టినట్టు లేస్తుంది.”

“ఈ రెండు నిమిషాలూ ఏం చేయాలి?”

“నోరు మూసుకోవాలి. నీకు అలవాటు లేదనుకో.”

అమ్మ మంచం మీదనుంచి నవ్వింది.

తర్వాత ఒక గొట్టంలోంచి నారింజరంగు మెత్తని ముద్దని గోరంత తీసి నా కంటి కింద చుక్కలు పెట్టింది. నేను వేలితో రాయబోతే చెయ్యి మీద కొట్టింది. “రాయకు, అద్దు. అదీ ఉంగరపు వేలితో. చూపుడు వేలికి అధికారం ఎక్కువ, నీ చూపుడు వేలికి మరీను.” పౌడరు ముక్కు మీదే చాలంది. పెదాలకి పెట్టిన రంగునే వేలి చివరన తీసి చెంపలకి అద్దితే వేరే డబ్బా కొనక్కరలేదంది.

“నారింజ ఎందుకు?”

“కంటి కింద నలుపు నీలంలోకి పోతుంది. నీలాన్ని నారింజ చంపుతుంది. ఎర్ర మచ్చకి ఆకుపచ్చ. ఎదురు రంగు వేస్తే ఆ రంగు మాయమైపోతుంది. దానిమీద చర్మం రంగు వేస్తే ఏమీ లేనట్టే ఉంటుంది.”

సంచిలో ఇంకో గొట్టం ఉంది. చివరిదాకా నొక్కి, కిందినుంచి చుట్టి పెట్టి ఉంది. మిగతావాటికన్నా అదే ఎక్కువ వాడినట్టుంది. నేను చేతిలోకి తీసుకున్నాను. ఊదారంగు.

“మరి ఇది?”

చెల్లి బ్రష్షు తుడుస్తోంది. “పసుపుకి ఊదా,” అని అమ్మే చెప్పింది.

“ముఖంలో పసుపు ఎవరికుంటుంది?”

“ఉన్నవాళ్ళకి ఉంటుంది,” అంది అమ్మ.

చెల్లి ఆ గొట్టం నా చేతిలోంచి తీసుకుని సంచిలో వేసి, “ఇటు చూడు, పెదాలు దగ్గర పెట్టు,” అంది.

ఫోటో బాగా వచ్చింది. సాయంత్రం అంగీకారపత్రం బల్ల మీద పెట్టుకుని అమ్మకి ఎదురుగా కూర్చున్నాను. బల్బు వెలుగులో అమ్మ చెంపలు నిండుగా కనిపించాయి. నేను ఆ ముఖాన్ని చాలాసేపు చూశాను. ఒక నిర్ణయం తీసుకోవాల్సినవాళ్ళు ఎలా చూస్తారో అలాగే చూశాను.

“ఈమధ్య నీ రంగు తేలిందమ్మా,” అన్నాను.

“తేలదూ మరి,” అంది.

సంతకం పెట్టాను.

పరీక్షలయ్యాక పేపర్లు దిద్దడానికి మమ్మల్ని వేరే పెద్ద బడిలో వేశారు. నాలుగైదు బళ్ళవాళ్ళం ఒక హాల్లో పొడుగాటి బల్లలకి రెండు వైపులా కూర్చునేవాళ్ళం. నా పక్కన సైన్సు టీచరు. ఆ వారమే పరిచయం. మంచి మనిషి, మాటలు ఎక్కువ. మధ్యాహ్నం డబ్బాలు తిన్నాక పావుగంట ఫోన్ చూసుకునేది.

మూడో రోజు ఆమె కళ్ళు తుడుచుకోవడం చూసి ఏమైందని అడిగాను.

“ఏం లేదండీ. మా వదినకి ఒంట్లో బాగాలేదు. మందులు పడి ముఖమంతా పాడైంది. ఆవిడ ఈ వీడియోలు చూస్తుంటుంది, నాకూ అలవాటు చేసింది. జబ్బుచేసినవాళ్ళకి రోజువారీ మేకప్ అండీ. ఒక మేకప్ అమ్మాయి వాళ్ళమ్మకే వేస్తూ చూపిస్తుంది. అబ్బ, ఎంత బాగా చెప్తుందో. కానీ మొదటి పది సెకన్లు చూడలేనండీ. ఆ పెద్దావిడ ఏమీ వేసుకోకుండా కనపడుతుంది. తర్వాత చూస్తే మీరు నమ్మరు.”

ఆమె ఫోన్ నా వైపు తిప్పింది.

మా కిటికీ. మా స్టూలు. అద్దాలు లేకుండా మా అమ్మ. ముఖమంతా పసుపు. కళ్ళలో తెలుపు ఉండాల్సిన చోట కూడా పసుపే. చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. ఆ ముఖాన్ని నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

“ఇదీ నా అసలు రంగు,” అని ఫోన్‌లో అమ్మ నవ్వింది. “లోపల గడ్డ ఉందన్నారు. పైన మా చిన్నది ఉంది. లోపలిదాన్ని డాక్టర్లు చూసుకుంటారు, పైది ఇది చూసుకుంటుంది. మీరందరూ బాగున్నారా? మా పెద్దమ్మాయికి మాత్రం చెప్పకండేం.”

తర్వాత చెల్లి చెయ్యి వచ్చింది. ఉంగరపు వేలి చివర ఊదా చుక్క.

“ప్రతిసారీ అంటుందండీ ఆ మాట,” అంది సైన్సు టీచరు. “కింద చూడండి, జనం ఎలా రాస్తారో.” వేలితో పైకి జరిపింది. ‘చెప్పం అమ్మా.’ ‘చెప్పం అమ్మా, మీరు ధైర్యంగా ఉండండి.’ ‘మేం చెప్పం.’ ఒకదాని కింద ఒకటి. ఎన్ని ఉన్నాయో చివర కనపడలేదు. పైన చూసినవాళ్ళ లెక్క ఉంది, అరవై వేలకి పైన.

“పాపం ఆ పెద్దకూతురు,” అంది ఆమె. “అయినా ఒకే ఇంట్లో ఉంటూ ఎలా తెలియదండీ? కళ్ళుండవా?”

“ఉండవేమో,” అన్నాను.

గంట కొట్టారు. ఇద్దరం మళ్ళీ పేపర్లు తీసుకున్నాం. ఆ పూట నేను దిద్దినవాటిలో ఒక్క పొరపాటు కూడా దొర్లలేదని తర్వాత సరిచూసినవాళ్ళు చెప్పారు.

ఇంటికి వెళ్ళాక ఏమీ అడగలేదు. ఎండ ఎలా ఉందని అమ్మ అడిగింది. ఎక్కువగానే ఉందన్నాను. ఎన్ని కట్టలు మిగిలాయని అడిగింది. చెప్పాను. అమ్మ అద్దాల వెనక కళ్ళు కనపడలేదు. బల్బు కింద అన్నీ పసుపుగానే ఉన్నాయి, గోడలూ, నా చేతులూ, అమ్మా. ఒకదానికి ఒకటి తేడా లేదు.

మర్నాడు ఆరింటికి చెల్లి వచ్చిన చప్పుడు విని, బాత్రూమ్‌లో బకెట్టు కింద పంపు తిప్పి, తలుపు దగ్గరగా వేసి, చెప్పులు లేకుండా నడిమి గదిలోకి వచ్చాను. ఆ వేసవిలో నేను చేసిన మోసం అదొక్కటే.

అమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఎదురుగా ఉన్న ఫోన్ తెరలో ముఖం కనిపించింది, ఎడమపక్క అయిపోయింది. ఆ పక్కన నేను రోజూ చూసే అమ్మ ఉంది. కుడిపక్కన నిన్న మధ్యాహ్నం చూసిన ఆమె ఉంది. ఫోన్ కర్ర మీద నిలబడి తీస్తూనే ఉంది. చెల్లి నన్ను చూసింది. దాని వేలు అమ్మ ముక్కు పక్కనే ఆగిపోయింది.

“ఆపావేం?” అంది అమ్మ. అద్దాలు లేకుండా దూరం ఆనదు. చెల్లి చూస్తున్న వైపుకి మెల్లగా తిరిగింది. బాత్రూమ్‌లో నీళ్ళు పడుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.

“సగమే అయింది,” అంది అమ్మ చివరికి. “పూర్తి చేయనీ. సగం ముఖంతో నేను మాట్లాడలేను.”

మంచం అంచున కూర్చుని మొదటిసారి అంతా చూశాను. ఊదా చుక్కలు పెట్టింది. అద్దింది. కాసేపు ఆగింది. ఒకచోట దాని చెయ్యి తొందరపడితే అమ్మే దాని మణికట్టు పట్టుకుని, “నిదానంగా కానీ,” అంది. పసుపు కొంచెం కొంచెంగా తగ్గి, బూడిదరంగులోకి వచ్చి, దానిమీద చర్మం రంగు పడేసరికి లేకుండా పోయింది. చెల్లి ఎంత మంచి పనిమంతురాలో నాకు ఆ రోజే తెలిసింది.

“ఎప్పటినుంచి?” అన్నాను.

చెల్లి ఫోన్ ఆపేసింది. “చలి తగ్గే రోజుల్లోనక్కా. నీ పుట్టినరోజుకి ఒక వారం ముందు. కళ్ళ రంగు మారిందని నాకే అనుమానం వచ్చింది. నువ్వు బడికి వెళ్ళాక ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఆపరేషన్‌కి వీల్లేదన్నారు. వేసవి దాటితే గొప్పన్నారు.”

“నా పుట్టినరోజున ముగ్గురం కూర్చుని భోజనం చేశాం.”

“చేశాం,” అంది చెల్లి.

“మేము నీకు అబద్ధమేం చెప్పలేదే,” అంది అమ్మ. “నువ్వు అడగలేదు.”

దాచడానికీ అబద్ధానికీ తేడా ఏమిటో నేను పిల్లలకి ప్రతి ఏడూ చెప్తాను. ఆ ఉదయం ఆ పాఠంలో ఒక్క ముక్క కూడా గుర్తుకు రాలేదు.

“అరవై వేలమందికి చెప్పావు.”

“వాళ్ళకి చెప్తే అయ్యో అని పోతారు. నీకు చెప్తే ఉండిపోతావు.”

“ఉంటే?”

“మీ నాన్న మంచాన పడ్డప్పుడు ఉండిపోయావు. అప్పుడూ ఇలాంటి కాగితమే వచ్చింది. వెనక్కి పంపేశావు. ఆయన పోయాక నువ్వు నా వైపు చూసినప్పుడల్లా నీ కళ్ళల్లో ఆ కాగితమే కనపడేది నాకు.”

“నేనెప్పుడూ ఆ మాట అనలేదమ్మా.”

“అనలేదు. అంటే ఏ పూటకి ఆ పూట తీరిపోయేది.”

చెల్లి మూతలు బిగిస్తోంది. ఒక్కొక్కదాన్నీ రెండేసి సార్లు బిగిస్తోంది.

“నీ ముఖం చూసి సంతకం పెట్టాను,” అన్నాను.

“అందుకే వేసుకున్నానే,” అంది అమ్మ.

చెల్లి తల ఎత్తి, “అక్కా, ఇంకా టైముంది. రాలేనని రాసిచ్చెయ్యి. నేను వచ్చి ఆఫీసులో మాట్లాడతాను,” అంది.

“నువ్వు ఊరుకో,” అంది అమ్మ దానితో. నాతో ఏమీ అనలేదు.

చెల్లి ఫోన్ తీసి చూపించి, “ఇవాళ్టిది పెట్టనులే,” అంది.

“పెట్టుకో. తెలియనిదాన్ని నేనొక్కదాన్నే. ఇప్పుడు నాకూ తెలిసింది.”

లేచి వెళ్ళి బాత్రూమ్‌లో పంపు కట్టేశాను. బకెట్టు నిండి నీళ్ళు గడప దాకా వచ్చాయి.

రాలేనని రాసివ్వడానికి ఇంకా పన్నెండు రోజుల గడువు ఉంది. కాగితం తీసుకుని రెండుసార్లు కూర్చున్నాను. రెండుసార్లూ కలం మూతపెట్టాను. అమ్మ ఆశ తీర్చడానికే అని ఎవరైనా అనుకుంటే అది నా మంచితనం కాదు. నాకు కోపం. వాళ్ళిద్దరి మీదా ఉన్న కోపంతో, వాళ్ళు కోరిందే చేశాను. అది రాయడానికి నాకు ఇంత కాలం పట్టింది.

పేపర్లు దిద్దడం అయిపోయింది. బళ్ళు తెరిచేవరకూ ఇరవై ఆరు రోజులు ఇంట్లోనే ఉన్నాను. మందులు వేళకి ఇచ్చాను. పాలు కాచాను. పక్క మార్చాను. పరీక్ష హాల్లో కాపలా ఉండేవాళ్ళలాగా ఆ గదిలో అటూ ఇటూ తిరిగాను. ఒకరోజు, చెల్లికి పెళ్ళి పని ఉండి ఆలస్యమైతే, నేను వేయనా అని అడిగాను.

అమ్మ ఆ ప్రశ్నని నొప్పించకుండా తిప్పికొట్టడానికి ప్రయత్నించింది. “నీ చెయ్యి బరువే పెద్దదానా. సుద్దముక్క పట్టిన చెయ్యి.”

“ఏమీ వేసుకోకు అయితే. నేనేగా ఉంది.”

“నువ్వున్నావనే,” అంది అమ్మ. దుప్పటి పైకి లాక్కుని గోడ వైపు తిరిగి, చెల్లి వచ్చేదాకా అలాగే పడుకుంది.

దాచడానికి ఇంకేమీ లేకపోయినా, ప్రతి ఉదయం ఆరింటికి ఆ గది తలుపు మూసేవాళ్ళు. లోపలినుంచి మాటలు వినిపించేవి. ఒక్కోసారి నవ్వులు. అమ్మ గొంతులో ఆ నవ్వు నా దగ్గర ఎప్పుడూ రాలేదు. నేను వంటింట్లో నిలబడి పొయ్యి మీద పాలని చూసేదాన్ని. చెల్లికీ నాకూ మధ్య మందుల పేర్లు తప్ప మాటలు లేవు. ఒకసారి అది వంటింటి గుమ్మంలో నిలబడి, “నన్ను తిట్టు అక్కా,” అంది. “పాలు పొంగుతాయి, తప్పుకో,” అన్నాను.

బయల్దేరే రోజున అమ్మ దిండ్లకి ఆనుకుని కూర్చుంది. చెల్లి ఆ రోజు అరగంట ఎక్కువ తీసుకుంది. అమ్మ వేసుకున్న బట్టలు ఒంటికి సరిగ్గా అతికినట్టున్నాయి. తగ్గిన ఒంటికి తగ్గట్టు తనే ఎన్నిసార్లు కుట్లు బిగించుకుందో అప్పుడు అర్థమైంది.

“అక్కడ పిల్లల్ని మరీ భయపెట్టకు,” అంది.

“ఆదివారం వస్తాను.”

“రా.”

రెండు ఆదివారాలు వచ్చాను. మూడో ఆదివారానికి ముందు, బుధవారం ఉదయం రెండో పీరియడ్‌లో, ఆఫీసు గుమస్తా తరగతి గుమ్మం దగ్గరికి వచ్చి నాకు ఫోన్ వచ్చిందన్నాడు. “అక్కా, రా,” అంది చెల్లి. అంతే అంది. పిల్లలకి పాఠం ఎక్కడ ఆపామో బోర్డు మీద గుర్తు పెట్టి బయల్దేరాను.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. కిందింటివాళ్ళు మెట్ల దగ్గర ఉన్నారు. నడిమి గదిలో అమ్మని మంచం మీద, కిటికీ వైపు తల పెట్టి పడుకోబెట్టారు. మెడ దాకా తెల్ల దుప్పటి. అద్దాలు లేవు. కళ్ళు మూసి ఉన్నాయి కాబట్టి అవసరం లేదు.

“నిద్రపోతున్నట్టే ఉంది చూడమ్మా,” అంది కిందింటి ఆవిడ. “ఎంత కళగా ఉందో. జబ్బు మనిషంటే ఎవరైనా నమ్ముతారా?”

నిజమే. నేను సంతకం పెట్టిన సాయంత్రం ఉన్న ముఖమే అది. చెంపల మీద అదే ఎరుపు. చెల్లి ఒక్క చోట కూడా తప్పు చేయలేదు. అది మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. ముఖం వాచిపోయింది. దాని ముఖానికి ఏ రంగూ లేదు.

వంటింట్లోకి వెళ్ళి ఒక మెత్తటి గుడ్డ తడిపి, పిండి తెచ్చాను. కిందింటి ఆవిడని కాసేపు బయట కూర్చోమన్నాను. అమ్మ నుదుటి దగ్గరికి చెయ్యి తీసుకెళ్ళాను. చెల్లి లేచి నా మణికట్టు పట్టుకుంది.

“వద్దక్కా.”

“ఒక్క నిమిషం. చూసి మళ్ళీ నీకే ఇస్తాను.”

“అమ్మ వద్దంది.”

“ఎవరికి వద్దంది?”

చెల్లి నా ముఖంలోకి చూడలేదు. “తెల్లారుజామున వేశాను. అప్పటికింకా మాట్లాడుతోంది. నువ్వొచ్చేసరికి ఉండాలంది. తుడవనివ్వద్దంది. ఒట్టు వేయించుకుంది.”

“నాకే వద్దందా?”

“నీకే.”

గుడ్డలోంచి నీళ్ళు నా చేతి మీదుగా మోచేతి దాకా కారాయి. చెల్లి పట్టు బిగించలేదు. విడిపించుకోవడం పెద్ద పని కాదు. కానీ అమ్మ చివరి మాటల్లో నా గురించి అన్న మాట అదీ. దాన్ని కూడా కొట్టేస్తే నాకంటూ ఏమీ మిగలదు. గుడ్డ మడిచి కిటికీ అంచు మీద పెట్టాను.

మంచం చుట్టూ తిరిగి రెండో చివరికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో చెప్పలేను. ఆ వైపు ఎవరూ లేరు, అందుకేమో. అక్కడ దుప్పటి కొంచెం పైకి మడిచాను.

పాదాలకి ఎవరూ ఏమీ రాయలేదు. ఇంట్లో మనిషి పాదాల వంక ఎవరు చూస్తారు, ఏ వీడియోలో కనపడతాయి. వేళ్ళ దగ్గరనుంచి చీలమండల దాకా ముదురు పసుపు. గోళ్ళు కూడా అదే రంగు. మడమల్లో పగుళ్ళు. కుడిపాదం కింద, నలభై ఏళ్ళు మిషన్ తొక్కినచోట, చర్మం కాయకట్టి నున్నగా ఉంది. నేను రెండు చేతులతోనూ పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి.

కాసేపటికి మెట్ల మీద ఎవరో వస్తున్న అలికిడైంది. చెల్లి గబగబా వచ్చి, వాళ్ళ కంట పడకుండా దుప్పటి కిందికి లాగబోయింది.

“ఉంచు,” అన్నాను. “ఈ రెండూ నాకు వదిలెయ్యి.”

అది చెయ్యి తీసేసింది.